తను రాయని ఉత్తరాలు

కంప్యూటరమ్మ ఆ పూటకి నాలుగో దరఖాస్తు నింపుతోంది. కూడలి పక్కన ఇరుకు గదిలో ఆమె కొట్టు: ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీ. ఇరవై రెండేళ్ళుగా ఆ వీధి వీధంతా ఆమె వేళ్ళ మీదుగానే ఉద్యోగాలకూ పరీక్షలకూ వెళ్ళింది. మెయిలు లేనివాళ్ళు వస్తే తన మెయిలే రాసి పడేసేది. అందుకే ఆ మెయిలు పెట్టెలో ఊరందరి ఉత్తరాలూ గుట్టలు పడి ఉండేవి. తనకెవరు రాస్తారులే అని ఆమె వాటి మొహం చూసేది కాదు.

"అమ్మా, మన మెయిలు దొంగల చేతిలో పడిందో లేదో చెప్పే పేజీ ఉందట. నాది చూడవా?" అన్నాడు ఎదురింటి దర్జీ.

చూసింది. భద్రంగానే ఉంది. "నీ దగ్గర దోచుకోడానికేముందయ్యా, జనం నడుం కొలతలు తప్ప!" అంది. దర్జీ నవ్వుతూ వెళ్ళాక, ఊరికే తనదీ కొట్టి చూసింది.

పదిహేడు చోట్ల బయటపడిందట, పాస్‌వర్డుతో సహా.

తన పేరుతో ఎవరైనా ఏమైనా పంపారేమోనని 'పంపినవి' తెరిచింది. తను పంపని ఉత్తరాలు నలభై ఉన్నాయి. అన్నీ అక్కకే.

అమ్మ పోయిన రోజు "నువ్వు దగ్గరుంటే బతికేది" అని అక్క అన్నందుకు, పదకొండేళ్ళుగా ఆమె అక్కతో మాట్లాడలేదు. ఏం పంతమో! అలాంటిది ఎవరో రాశారు: "అక్కా, నొప్పి తగ్గిందా? తప్పు నాదే. నన్ను క్షమించు." ఎక్కడా డబ్బేమీ అడగలేదు. మాట తీరు అచ్చం తనదే. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళు బీరువాలో దాచిన పిల్లికూన సంగతి కూడా ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

అక్క అన్నిటికీ జవాబిచ్చింది. ఆఖరిది వారం కిందటిది: "ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారే. నువ్వు రాస్తూ ఉండు, చాలు."

పాస్‌వర్డు మార్చబోయి ఆగింది. మారిస్తే అక్కకి ఉత్తరాలు ఆగిపోతాయి. దొంగకున్నపాటి మనసు తనకి లేకపోయిందని సిగ్గుతో ఏడుపొచ్చింది. మార్చకుండానే కొట్టు మూసి బస్సెక్కింది. ఆ మాటలు అక్క ఎదురుగా కూర్చుని తన నోటితోనే చెప్పాలి.

చేరేసరికి సాయంత్రం నాలుగైంది. అక్కని ముందుగదిలో పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ జనం.

"మధ్యాహ్నమే పోయిందమ్మా," అన్నాడు బావ, ఆమెని అక్క గదిలోకి తీసుకెళ్ళి. "నీ ఉత్తరాలతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. పొద్దున కూడా రెండుసార్లు చదివించుకుంది. ఎంత బాగా రాశావమ్మా!"

నేను కాదు బావా, అనబోయింది. వట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

అప్పుడు ఖాళీ మంచం మీద అక్క ఫోను మోగింది. బావ వంగి చూశాడు. తెర మీద చెల్లెలి పేరు, కింద ఒక్క వాక్యం: "అక్కా, ఈ పూట ఎలా ఉంది?"

బావ మెల్లగా తలెత్తి ఆమె చేతుల వంక చూశాడు. దిండు పక్కన ఫోను వెలుగుతూనే ఉంది.