ఆయాసపడే దిండు

పొద్దున్నే దుకాణం తెరవగానే దిండ్లు కుట్టేవాడి భార్య చేసే మొదటి పని, అరల్లో ఉన్నవన్నీ సరిగా ఊపిరి తీస్తున్నాయో లేదో చెయ్యి వేసి చూడటం. అతను దూది కూరిన దిండు ఏదైనా, ఆఖరి కుట్టు పడగానే ఊపిరి అందుకునేది. కొనేవాళ్లు చెవి ఆన్చి మరీ బేరమాడేవాళ్లు.

"ఇది గురక పెడుతోందండీ. ఇంట్లో ఇప్పటికే ఒకాయన ఉన్నాడు. మెల్లగా పీల్చేది ఇవ్వండి."

ఈ మధ్య చేసిన దిండ్లు మాత్రం ఆయాసపడుతున్నాయి. గాలి గబుక్కున లాక్కుంటాయి, వదలడానికి నానా తంటాలూ పడతాయి. చేసినవాడి రొమ్మూ అంతే. దూది ధూళి కొంత, రెండేళ్ల క్రితం దాకా మానని సిగరెట్లు కొంత కలిసి అతని ఊపిరితిత్తుల పైభాగాన్ని సాగిపోయిన సంచీ చేసేశాయి. దిండు కుంగితే ఇంకాస్త దూది కూరడం అతనికి తెలిసిన వైద్యం. అందుకే ఆయాసం వచ్చినప్పుడల్లా ఇంకాస్త గాలి కుక్కుకునేవాడు. లోపలున్న పాతగాలి బయటికే పోవడం లేదన్న సంగతి తట్టలేదు.

మందులు, నడక శిక్షణ అన్నీ అయ్యాక, ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"గొంతులోంచి గొట్టం దింపి, పాడైన భాగంలోకి గాలి పోకుండా చిన్న వాల్వులు పెట్టచ్చు. కానీ మీకు ఊపిరితిత్తుల భాగాల మధ్య గాలి అటూ ఇటూ పోతోంది, అవి పనిచెయ్యవు. ఊపిరితిత్తుల మార్పిడి ఉంది, మీకింకా అంతదాకా రాలేదు. మిగిలింది ఒక్కటే. పాడైన పైభాగం కోసి తీసేస్తాం. కింద బాగున్నదానికి చోటు దొరుకుతుంది."

"ఊపిరి చాలక... చస్తుంటే... ఊపిరితిత్తులే కోస్తారా తల్లీ?"

"ప్రమాదం లేదనను. కొందరు కోలుకోరు కూడా. ఆలోచించుకుని చెప్పండి."

ఇంటికొచ్చి మంచమెక్కాడు. "కోతా లేదు... గీతా లేదు" అన్నాడు. నాలుగడుగులకోసారి కూలబడటానికి ఇంట్లో అక్కడక్కడా కుర్చీలు వేయించుకున్నాడు.

భార్య దుకాణంలోకి వెళ్లింది. అన్నిటికంటే ఎక్కువగా రొప్పుతున్న దిండు తెచ్చి, అతని ఎదుటే కూర్చుని పైకుట్టు విప్పింది.

"ఏమే... దాన్ని చంపేస్తావా?"

"నోరు మూసుకుంటే ఆ ఊపిరైనా మిగులుతుంది. చూడండి."

పైన ఉండకట్టిన దూదిని పిడికిళ్లతో లాగేసింది. దిండు బెదిరినట్టు ఆగిపోయింది. ఆమె మళ్లీ కుట్టి దారం కొరికింది. దిండు నెమ్మదిగా పీల్చింది. తరవాత, పీల్చిందంతా హాయిగా వదిలేసింది.

అతను చాలాసేపు దానిమీద చెవి ఆన్చి ఉన్నాడు.

"ఎంత తీశావు?"

"పావువంతు పైన, మూడోవంతు లోపు."

"అంతేనా..." అన్నాడు. "డాక్టరమ్మకి... ఫోన్ కలుపు."

ఆపరేషన్ తేలిగ్గా ఏమీ జరగలేదు. కోసినచోట గాలి కారడం ఆగక, రొమ్ములో గొట్టాలు అనుకున్నదానికంటే ఎక్కువ రోజులే ఉన్నాయి. డాక్టరమ్మ పొద్దున్నా సాయంత్రమూ వచ్చి చూసేది. అవి తీసేశాక ఒకనాడు అతను వార్డు చివరిదాకా నడిచి వెళ్లి, ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీకూ, మత్తిచ్చినాయనకీ, కంటికి రెప్పలా చూసిన నర్సమ్మకీ, తిట్టి తిట్టి నన్ను నడిపించిన ఫిజియోథెరపీ పిల్లకీ, పేరుపేరునా దండం పెడుతున్నా, మా ఆవిడకి మాత్రం పెట్టను, నెత్తికెక్కి కూర్చుంటుంది!"

మధ్యలో ఊపిరి కోసం ఎక్కడా ఆగలేదు. వెనకే వచ్చిన భార్య కళ్లు తుడుచుకుంది.

"అయిందా?"

"లేదే," అన్నాడు, తనకే నమ్మకం కుదరనట్టు. "ఇంకా ఉంది."