దేవుడికి సెబువానో రాదట

"ఏమేవ్, బీకో పళ్ళెం ఒరిగిపోతోంది, చూసుకో!" అని కొండమీది చైనా గుడి పై మెట్టు మీంచి అత్తగారు కేకేసింది. ఆవిడ చేతిలో విసనకర్ర తప్ప ఇంకేం లేదు. ఎర్లిన్‌కి ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో పంపరపనసల సంచి, చంకలో గొడుగు, మెడలో అత్తగారి హ్యాండ్‌బ్యాగు. మొగుడు వెల్లింగ్టన్ ముందు నడుస్తూ, కొండ కిందున్న సెబూ ఊరిని ఫోన్లో ఫోటోలు తీస్తున్నాడు. పేరు చూస్తే సేనాపతి పేరు, సంచీ మొయ్యమంటే మాత్రం నడుం నొప్పి.

బీకో అంటే మాటలా? జిగురు బియ్యం, కొబ్బరిపాలు, బెల్లం కలిపి అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. తెల్లారకముందే లేచి తిప్పింది. మొన్న, తను మునుపు పనిచేసిన మందుల షాపువాళ్ళు ఫోన్ చేసి సోమవారం నుంచి మళ్ళీ వచ్చి చేరమన్నప్పుడు, "ఇంట్లో ఖాళీగా కూర్చుని విసుగొచ్చిందా ఏంటి?" అన్నాడు వెల్లింగ్టన్. ఖాళీగానట! పొద్దున్న అతగాడి సాక్సులు వెతకడం నుంచి రాత్రి అత్తగారి బీపీ మాత్రదాకా చేసేదంతా ఖాళీయే. ఫార్మసీ చదివిన మనిషికి ఇప్పుడు ఒక్కతే పేషెంటు, జీతం సున్నా, పైగా ఆ పేషెంటుకి ఈమె మాటంటే లెక్కలేదు. "దేవుణ్ణి అడుగుదాం" అని ఆ పేషెంటే తేల్చేసింది. అంటే ఆవిడే అడుగుతుంది, ఆవిడే చెబుతుంది.

అడగడానికి రెండు చెక్క ముక్కలుంటాయి, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. నేల మీదికి వేస్తే ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే సరేనన్నట్టు. రెండూ ఉబ్బే పైకొస్తే వద్దని. రెండూ చదునే పైకొస్తే దేవుడు నవ్వాడని. ఆ నవ్వుకి అర్థం ఏమిటో అత్తగారికే తెలుసు. వెల్లింగ్టన్ మోటారుసైకిలు కొనుక్కోవచ్చా అని అడిగినప్పుడు దేవుడు నవ్వితే, "జవాబు తెలిసుండీ ఎందుకడుగుతావురా పిచ్చోడా అంటున్నాడ్రా నాయనా!" అని మురిసిపోయింది. మర్నాడే బండి ఇంటికొచ్చింది.

ఇవాళ ఆవిడ మోకరిల్లి, చైనా మాటల్లో ఏదో గొణిగి, ముక్కలు వేసింది. రెండూ చదునే.

"చూశావా? దీని మొహానికి ఉద్యోగం కూడానా అని నవ్వుతున్నాడు," అంది.

వెల్లింగ్టన్ కూడా నవ్వాడు. ఎర్లిన్‌కి ఒళ్ళు మండిపోయింది. మోటారుసైకిలుకి ఒక నవ్వూ, తనకింకో నవ్వూనా?

"ఇలా ఇవ్వండత్తమ్మా, నేనడుగుతాను."

"నువ్వా? నీకొచ్చింది ఈ ఊరి సెబువానో ఒక్కటే. దేవుడికి అది రాదు."

"తాతలనాడు మీవాళ్ళతో ఓడెక్కి వచ్చాడుగా! ఇన్నేళ్ళు ఇక్కడుండి ఊరి భాష నేర్చుకోలేదా? నేను మీ ఇంటికొచ్చిన నెలకే మీ వంటలన్నీ నేర్చుకున్నానే!"

వెనక వరసలో నిలబడ్డ ఒకావిడ కిసుక్కుమంది. నలుగురూ చూస్తున్నారని అత్తగారు ముక్కలు కోడలి చేతిలో పెట్టింది.

ఎర్లిన్ మోకాళ్ళ మీద కూర్చుంది. 'ఉద్యోగానికి వెళ్ళనా సామీ' అని నోటిదాకా వచ్చింది. ఆగింది. రోజూ పొద్దున్నే బండెక్కి పోయే వెల్లింగ్టన్ పనికి వెళ్ళనా అని ఏనాడైనా ఎవర్నైనా అడిగాడా? కనీసం లంచ్ బాక్సులో ఏముందని కూడా అడగడు. ఆమె గొంతు పెంచి, అందరికీ వినబడేలా, ఊరి భాషలోనే అడిగింది.

"సామీ, నా ఉద్యోగానికి నేను వెళ్ళడానికి వీళ్ళనీ నిన్నూ అడగాలా?"

ముక్కలు టకటకా దొర్లి ఆగాయి. రెండూ చదునే.

"నవ్వాడమ్మోయ్!" అంది వెనకావిడ.

అత్తగారు విసనకర్ర తీసి గబగబా విసురుకుంది. ఎర్లిన్ లేచి మోకాళ్ళు దులుపుకుంది. భయం పోయింది, ఆకలి వేసింది.

"జవాబు తెలిసుండీ ఎందుకడుగుతావే పిచ్చిదానా అంటున్నాడత్తమ్మా. సోమవారం నుంచి మీ మాత్ర ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటుంది, మీరే వేసుకోండి."

"మరి నా సాక్సులో?" అన్నాడు వెల్లింగ్టన్.

ఎర్లిన్ చెక్క ముక్కలు అతని చేతిలో పెట్టింది.

"దేవుణ్ణి అడుగు. ఆయనకి మన భాష వచ్చు."