తారురోడ్డు మీద వల

దడుసుకున్న పిల్ల ఒంట్లోంచి ఖ్వాన్ జారి, పడ్డచోటే కూర్చుండిపోతుందని మా ఈసాన్ పల్లెల్లో కోడిపిల్లకి కూడా తెలుసు. ఖ్వాన్ అంటే లోపలుండే జీవం, మనిషికి కుదురు అదే. అది ఒంట్లో లేకపోతే తిండి సయించదు, నిద్ర పట్టదు.

నాట్లప్పుడు మేనమామ బున్‌లై బండి మీద బడికి పోతుంటే లారీ రాసుకుపోయి మా పక్కింటి పిల్ల లమ్యాయి రోడ్డు మీద పడింది. మోకాలి పుండు మానింది గానీ, హారను వినబడితే చాలు, మంచం కింద దూరుతుంది. బడేమో రోడ్డుకవతల!

"వల తియ్యండి, ఖ్వాన్‌ని దేవి తెద్దాం!" అంది వాళ్ళమ్మమ్మ ఖామ్‌పన్.

పొడుగు పిడి చేపల వలలో లమ్యాయి చొక్కా, ఉడికించిన గుడ్డు, జిగురన్నం ముద్ద పెట్టారు. పక్కింటివాణ్ణి గనక బళ్ళాపమని నాకు ఎర్రతువాలు ఇచ్చారు. బున్‌లై బండి నెట్టుకుంటూ వచ్చాడు, పెట్రోలు ఆదా అట. పిల్ల మాత్రం పొలం గట్టు దగ్గరే పాతుకుపోయింది.

ముసలమ్మ తారురోడ్డు మీద వలతో దేవుతోంది. "రావే తల్లీ, ఇంటికి రావే!"

కొబ్బరికాయల లారీవాడు తల బయటపెట్టాడు. "ఏం అవ్వా, చేపలు పడుతున్నాయా?"

"నీ మూతిలాంటి వాలుగ ఒకటి పడింది. దిగు, పిలువు!"

వాడు దిగాడు. వెనక బస్సు జనమూ దిగి "రావే, రావే" అని అందుకున్నారు. జాతరే!

"అక్కడ కాదమ్మమ్మా!" గట్టు మీంచి కేక.

"మీ మామ ఇక్కడే అన్నాడే?"

"మామకేం తెలుసు? కళ్ళు మూసేసుకున్నాడు!"

"దుమ్ము పడిందే!" అన్నాడు బున్‌లై. బస్సు బస్సంతా నవ్వింది.

ముసలమ్మ ఇంకా అవతలికి పోయి దేవింది. ఇక పిల్ల ఆగలేకపోయింది. పరుగున రోడ్డెక్కి వల లాక్కుంది.

"ఇక్కడ పడ్డాను. తల ఇటు. చెప్పు అటెగిరింది. చక్రం... ఇంత దగ్గరికొచ్చింది."

ఆ మాట దాని నోట రావడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు.

గట్టిగా ఒక్క దేవు దేవింది. గుడ్డు ఎగిరి దొర్లింది. లారీవాడు బోర్లా పడి పట్టుకున్నాడు. లమ్యాయి ఎక్కిళ్ళొచ్చేలా నవ్వింది.

తరవాత మామ వంక చూసింది. "నీ ఖ్వానూ ఇక్కడే పడుంటుంది."

"నాకేమైందే?"

"మరి అప్పట్నుంచీ బండి నెట్టుకునే తిరుగుతున్నావుగా?"

లమ్యాయి అతని కోసమూ దేవింది. "అబ్బో, బరువుగా ఉంది!"

వల మూతి రెండు చేతులా బిగించింది. "నడిస్తే జారిపోతాయి. బండి తియ్యి మామా, నెమ్మదిగా. హారను కొట్టావో, చంపుతా!"

బున్‌లై కిక్కు కొట్టాడు. పిల్ల వెనకెక్కి కూర్చుంది.

లారీవాడు దారిస్తూ నోటితోనే "పాం, పాం" అన్నాడు.