ఒక్కటే పిడి

తెల్లారేసరికి వాన వెలిసింది గానీ మబ్బు విడవలేదు. తూర్పున సన్నటి చీలిక పడి, ఆ సందులోంచి జోడ్‌భావి పేట్ ఇళ్ల రేకుల మీదికి వెలుతురు ఏటవాలుగా దిగుతోంది. రాత్రంతా గల్లీ మూల స్తంభం మీద తీగ ముడి దగ్గర నిప్పురవ్వలు రాలాయి. సిద్ధరాములు కార్ఖానాకు వస్తూ అటు చూశాడు. కరెంటు బోర్డు లైన్‌మన్ నర్సయ్య అప్పుడే అవతల గల్లీలో లైను బంద్ చేసి వచ్చి, స్తంభానికి నిచ్చెన ఆనిస్తున్నాడు. ఇద్దరూ తల ఊపుకున్నారు.

పెంటప్ప కార్ఖానాలో పన్నెండు మగ్గాలు, నేసేది చద్దర్లు. మోటార్ల పని, కరెంటు మార్చే పని సిద్ధరాములుది. గోడకు రెండు మెయిన్ స్విచ్చులు: ఒకటి బోర్డు కరెంటుది, ఒకటి జనరేటర్‌ది. రెంటికీ కలిపి పిడి ఒక్కటే. ఆ కట్టుబాటు ఆయన పెట్టిందే. మెయిన్ కిందికి దించితే తప్ప పిడి ఊడదు. ఊడితే తప్ప రెండోదానికి ఎక్కదు. రెండూ ఒకేసారి పైకి ఉండే వీలే లేదు. పైగా మగ్గాలన్నీ పూర్తిగా ఆగిందాకా పిడి పట్టుకుని ఊరకే నిలబడేవాడు. మామకు ఆ ఇనుప ముక్క మీదున్న పాణం పెండ్లాం మీద లేదని బాలయ్య ఎగతాళి చేసేవాడు. బాలయ్య అక్కడ నేత పనివాడు.

నిన్న ఖండే నవమి, పనిముట్లకు పూజ చేసే రోజు. నాడెలు, పానాలు, కత్తెరలతో పాటు పిడిని కూడా కడిగి, కుంకుమ పెట్టి పూజలో ఉంచారు. మర్నాడు నైవేద్యం పెట్టి పెంటప్ప తల్లి యల్లమ్మ లేపిందాకా పూజలోది ఎవరూ తాకేది లేదు.

సిద్ధరాములు గడప దాటేసరికి వెనక జనరేటర్ కొట్టుకుంటోంది. పూజ లేపినట్టుంది, బాలయ్య కుంకుమ ఆరని పిడి పట్టుకుని జనరేటర్ మెయిన్ వైపు పోతున్నాడు. సిద్ధరాములు కన్ను మొదటి మగ్గం మీద పడింది. నిన్న చద్దరు మీద పెట్టిన కుంకుమ బొట్టు జానెడు ముందుకు జరిగి ఉంది. పిడి పూజలో ఉండగా మగ్గం ఎట్ల నడిచింది? బోర్డు మెయిన్ దిక్కు చూశాడు. అది పైకే ఉంది. దానికి తళతళలాడే కొత్త పిడి.

రెండంగల్లో పోయి బాలయ్య మణికట్టు పట్టుకున్నాడు. పిడి జనరేటర్ మెయిన్‌కు బెత్తెడు దూరంలో ఆగింది. కొత్త పిడి పట్టి బోర్డు మెయిన్ దించి, అప్పుడు ఊపిరి వదిలాడు.

జనరేటర్ దగ్గరి నుంచి పెంటప్ప వచ్చాడు.

"ఏమైంది మామా? అమ్మ పూజ లేపేదాకా పని ఆగుతదని నేనే లేత్ కాడ ఇంకోటి చేయించిన. ఈ ఒక్క పొద్దుకే."

సిద్ధరాములు అతన్ని భుజం పట్టి గుమ్మంలోకి తెచ్చాడు. స్తంభం మీద నర్సయ్య ఉత్త చేతుల్తో తీగ మెలిపెడుతున్నాడు.

"ఆ తీగ మన మెయిన్‌కే వస్తది. రెండు మెయిన్లూ పైకుంటే జనరేటర్ కరెంటు అటు పోతుండె."

కరెంటు పోయినప్పుడు మెయిన్ దించాలని యాదికి రాలేదన్నాడు పెంటప్ప.

"యాదికి రాదనే ఒక్కటి పెట్టిన."

పెంటప్ప జనరేటర్ బంద్ చేశాడు. కొత్త పిడిని ఊడదీసి, వైస్‌లో బిగించి తనే రంపంతో కోశాడు. ఇనుము గట్టిది, చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పోలేదు.

నర్సయ్య దిగిన తర్వాత అతనికి జరిగిందంతా పెంటప్పే చెప్పాడు, ఏదీ దాచకుండా. నర్సయ్య విని, కాసేపు స్తంభం దిక్కు చూసి, చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగాడు.

యల్లమ్మ వసారాలో చాప పరిచింది. నలుగురూ వరసగా కూర్చున్నారు. బొబ్బట్ల లాంటి వేడి పోలెలు, నెయ్యి, చింతపండు చారు వచ్చాయి. పెంటప్ప తన పోలె తుంచకుండా, నర్సయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నదాకా ఆగాడు. తర్వాత అందరూ తిన్నారు.