మొదటి ఎండ ఎవరి మెట్టు మీద

నవంబరు మొదట్లో, ఉత్తరాన మంచు దేశంలో ఉన్న మా లోయను వదిలి వెళ్ళిన ఎండ ఫిబ్రవరి రెండున తిరిగి వస్తుంది. మధ్యలో మూడు నెలలు సూర్యుడు దక్షిణపు కొండ వెనకే నడిచిపోతాడు. పగలు వెలుతురు ఉంటుంది, మనిషికి నీడ ఉండదు. తిరిగి వచ్చిన రోజున ఎండ మొదట ఏ ఇంటి మెట్టును తాకితే ఆ ఇంటివాళ్ళు పల్లెలో అందరినీ పిలిచి, మధ్యలో పసుప్పచ్చటి తీపి మీగడ పెట్టిన బన్నులూ కాఫీలూ ఇస్తారు.

దిగువపల్లెలో ఉన్నవి ఐదిళ్ళు. అక్కడ ఆ మెట్టు ఎప్పుడూ బోర్గిల్డ్‌దే. కొండ అంచులోని నొక్కు సరిగ్గా ఆమె వాకిలికి ఎదురుగా ఉంది. పక్కింటి ఓడ్‌వార్‌కి ఎండ మర్నాడు వచ్చేది. అయితే అతను తన హద్దులో నాటిన, చలికాలంలోనూ ఆకు రాల్చని స్ప్రూస్ చెట్ల వరస ఎదిగి, నాలుగేళ్ళుగా ఆ నొక్కుకు అడ్డం నిలిచింది. ఇప్పుడు ఆమె మెట్టుకు తొమ్మిదో తేదీ దాకా ఎండ రాదు.

చెట్లు కొట్టించమని బోర్గిల్డ్ తగవుల మండలికి రాసింది. మండలి అంటే మాలాంటి మామూలు మనుషులే. ఇల్లు చూసుకునే నాకు కూడా అందులో వంతు వచ్చింది, ఈ తగవు తీర్చే పని నాకు పడింది. రాజీ కుదరకపోతే ఫైలు కోర్టుకు పోతుంది. అక్కడికి వెళ్ళి వచ్చిన పొరుగువాళ్ళు మళ్ళీ ఒకరి వాకిట్లో ఒకరు అడుగుపెట్టడం నేనెన్నడూ చూడలేదు.

ఆఫీసులో రెండుసార్లు కూర్చున్నాం. ఆమె ఇరవై ఏళ్ళ ఎండ తేదీలు రాసిన పుస్తకం తెచ్చింది. అతను చెట్లు లేనప్పుడు గొర్రెల కొట్టం తలుపు దాకా మంచు పేరుకున్న ఫొటోలు తెచ్చాడు. ఇద్దరి మాటా నిజమే. ఫారంలో ‘తగవు రకం’ అని ఒక గడి ఉంటుంది. హద్దు, చప్పుడు, డబ్బు, కుటుంబం. వీటిలో ఒకటి ఎంచుకోవాలి. నేను పెన్సిల్‌తో ‘హద్దు’ దగ్గర గీత పెట్టాను.

రెండోసారి లేవబోతూ, చెట్లు పోతే ఏం చేస్తారని బోర్గిల్డ్‌ని ఊరికే అడిగాను. కాఫీ పెడతానంది. అంతకు ముందు గంటసేపు మీటర్ల లెక్కలు చెప్పిన మనిషి ఆ ఒక్క మాట చెప్పి కిటికీ వైపు తిరిగిపోయింది. మూడో సమావేశం ఫిబ్రవరి మూడున, పన్నెండింటికి, వాళ్ళ ఇళ్ళ ముందే పెట్టాను.

ఆ రోజు ఇళ్ళ మధ్య దారిలో ముగ్గురం నిలబడ్డాం. చలికి మాట పొగలా బయటికి వస్తోంది. ఓడ్‌వార్ కోటు కింద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కనిపించింది. నాలుగేళ్ళుగా మొదటి ఎండ మీ మెట్టు మీదే కదా, ఎవరిని పిలిచారని అడిగాను.

“నేనెందుకు పిలుస్తానండీ? ఆ రోజు బోర్గిల్డ్‌ది. తను పిలుస్తుందని ఏటా ఈ చొక్కా వేసుకుని కూర్చున్నా. పిలవలేదు.”

బోర్గిల్డ్ అతనివైపు తిరిగింది. “ఎండ నువ్వు పట్టుకుని, పిలిచేది మాత్రం నేనా?”

“ఎండనేమైనా జేబులో వేసుకున్నానా?”

“చెట్టుకు కట్టేశావు.”

అప్పుడే కొండ అంచు తెల్లగా మెరిసింది. ముగ్గురం అటు తిరిగాం. ఎండ ముందు ఓడ్‌వార్ పొగగొట్టం మీద వాలి, కప్పు మీది మంచు వెంట దిగి, తలుపు దాటి మెట్టు మీదికి చేరింది. మూడు నెలల తర్వాత నా నీడ నా కాళ్ళ దగ్గర పడింది. నలభై ఏడుసార్లు చూశాను దీన్ని, అయినా చెయ్యెత్తి, నీడ కూడా ఎత్తుతుందో లేదో చూసుకున్నాను. ఆ వెలుతురులో ఇద్దరినీ చూశాను. నాలుగేళ్ళు ఒకే పిలుపు కోసం హద్దుకు ఆ పక్కా ఈ పక్కా చెవులు రిక్కించి కూర్చున్న మనుషులు. ఇంత చిన్న చోటులో ఇంత పెద్ద కోపం ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బోర్గిల్డ్ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇక కోర్టే అనుకున్నాను. ఓడ్‌వార్ చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆమె చేతిలో పళ్ళెం, దాని నిండా బన్నులు. ఏటా చేస్తూనే ఉందట, ఎవరికీ పెట్టకుండా. వచ్చి అతని గేటు బయట ఆగింది.

“పిలవకుండా నేను లోపలికి రాను,” అంది.

జన్మలో ఎవరినీ పిలిచి ఎరగని మనిషి అతను. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“ఎండ వచ్చింది, బోర్గిల్డ్. కాఫీకి రా.”

ఆమె గేటు తోసుకుని లోపలికి నడిచి, పళ్ళెం మెట్టు మీద, ఎండలో పెట్టింది. అతని కాఫీ నీళ్ళలా ఉంటుందని పనిమీద వెళ్ళి తాగినవాళ్ళ వల్ల ఊరందరికీ తెలుసు, అందుకే తన ఇంట్లోంచి పొడి తెస్తానంది. అతను మిగతా మూడిళ్ళకూ ఫోన్ చేశాడు.

నొక్కుకు సూటిగా ఉన్న రెండు చెట్లు కొట్టేసి, కొట్టం వైపువి ఉంచడానికి సాయంత్రానికల్లా ఒప్పుకున్నారు. ఆ రెండూ ఏవన్న దాని మీద మాత్రం నేను బయలుదేరేటప్పటికి కూడా, బన్ను నములుతూ, వాదించుకుంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చి ఫారం తీసి ‘హద్దు’ దగ్గరి గీత చెరిపేశాను. ఆ గడి ఖాళీగానే పంపాను.