ఆలిస్ మిడ్‌గ్లీకి పదకొండు వారాలు

గురువారం సాయంత్రంలోగా రూత్ చేయవలసిన పనులు నాలుగు. పుస్తకం అచ్చుకు పంపవద్దని షాకిల్టన్ గారికి చెప్పాలి. యార్క్‌కు ఉత్తరం రాసి అడిగిన పాత వీలునామా నకలు టపాలో వచ్చిందేమో చూడాలి. వేక్‌ఫీల్డ్ రికార్డుల గదికి వెళ్ళి, చర్చి రిజిస్టరు పేజీల్ని ఫొటో తీసిన ఫిల్ము రీలు తీయించాలి. తాతయ్యకు క్షమాపణ చెప్పాలి. నాలుగోదాన్ని మొదట రాసుకుంది, కొట్టేసింది, మళ్ళీ చివర రాసుకుంది.

మిడ్‌గ్లీల ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి రూత్. గణితంలో పట్టా తీసుకుంది. అందుకే చర్చి మూడువందల ఏళ్ళ పండుగకు ఊళ్ళో పాత కుటుంబాల గురించి చిన్న పుస్తకం వేద్దామనుకున్నప్పుడు, లెక్కాపత్రం తెలిసిన పిల్ల కదా అని చర్చి పనులు చూసే షాకిల్టన్ గారు ఆ పని ఆమెకు అప్పగించారు. రూత్ మూడు నెలలు కష్టపడింది. బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ రాసిన పాత చర్చి రిజిస్టరులోని పేర్లన్నీ ఎవరో పుణ్యాత్ములు తేదీలవారీగా కంప్యూటరులో ఎక్కించి పెట్టారు. ఆ జాబితా పట్టుకుని తన సొంత వంశంలో పాతకాలపు మనిషిని ఒకామెను పట్టుకుంది. పేరు ఆలిస్. నూలు వడికేది. భర్త థామస్ మిడ్‌గ్లీ నేతగాడు. జాబితాలో రెండు వరసలు ఇలా ఉన్నాయి: 1731 ఫిబ్రవరి 9, థామస్ మిడ్‌గ్లీ కొడుకు జాన్‌కు బాప్తిస్మం. 1731 ఏప్రిల్ 26, థామస్ మిడ్‌గ్లీకీ ఆలిస్ హోయిల్‌కూ పెళ్ళి.

రూత్ వేళ్ళమీద లెక్కేసి, పుస్తకంలో రాసింది: "ఆలిస్ పెళ్ళికి పదకొండు వారాల ముందే తల్లి అయింది." చదివేవాళ్ళకు సరదాగా ఉంటుందనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

అచ్చు నమూనాను షాకిల్టన్ గారు చర్చి గంటలు మోగించే గదిలో గోడకు తగిలించారు. ఆ గదిలో అరవై ఏళ్ళుగా మూడో గంట తాడు లాగుతున్నవాడు రూత్ తాతయ్య విల్ఫ్రెడ్. అతనికి ఎనభై మూడేళ్ళు. మిల్లు మూతపడేదాకా మగ్గాల మేస్త్రీగా చేశాడు. ఐదో తాడు మనిషి క్లిఫ్ ఆ కాగితం చదివి, అందరూ వినేలా అన్నాడు: "ఏరా విల్ఫ్, మీ ఇంట్లో పెళ్ళి ఉంగరం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుందన్నమాట."

కొత్తగా వచ్చిన ఇద్దరు నవ్వారు. పాతవాళ్ళు నవ్వలేదు. ఎందుకంటే విల్ఫ్రెడ్ తల్లి నెల్లీకి ఉంగరం అసలే రాలేదు. మిడ్‌గ్లీ అన్నది తండ్రి ఇంటిపేరు కాదు, తల్లిది. బడిలో ఉన్నన్నాళ్ళూ అతన్ని ఏమని పిలిచారో ఆ పాతవాళ్ళకు తెలుసు, పిలిచినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు కాబట్టి. విల్ఫ్రెడ్ తాడు చుట్టి కొక్కేనికి తగిలించాడు, కోటు వేసుకున్నాడు, మెట్లు దిగాడు. రెండు ఆదివారాలు మూడో గంట మోగలేదు.

రూత్ విషయం తెలుసుకుని వెళ్ళేసరికి అతను వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు.

"ఇది మన రక్తంలోనే ఉందంటారు ఇప్పుడు," అన్నాడు, తలెత్తకుండా. "మా అమ్మ ఒక్కతే అనుకున్నారు ఇన్నాళ్ళూ. నువ్వు మూడువందల ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఆమెకు తోడు తెచ్చావు."

"నేను కావాలని రాయలేదు తాతయ్యా. జాబితాలో అలాగే ఉంది."

"జాబితా చూశావు. రిజిస్టరు చూశావా?"

"రెండూ ఒకటే కదా."

"మిల్లులో నలభై ఏళ్ళు చేశాను. మగ్గం ఆగిందని చీటీ వచ్చేది. చీటీ చూసి ఏనాడూ బాగుచెయ్యలేదు. మగ్గం దగ్గరికి వెళ్ళేవాణ్ణి." దుంప ఒకటి గిన్నెలో పడేశాడు. "ఇంత చదువుకున్నావు, నీకు నేను చెప్పాలా?"

ఆ మాట రూత్‌కు గుచ్చుకుంది. కడుపు కట్టుకుని ఆమె చదువుకు డబ్బు దాచిపెట్టినవాడు ఆ ముసలాయనే.

గురువారం పొద్దున షాకిల్టన్ గారికి ఫోన్ చేసింది. "సాయంత్రం ఆరింటి దాకా ఆపుతాను," అన్నారావిడ. "ఆ తర్వాత అచ్చువాడు నన్నే అచ్చు వేస్తాడు." యార్క్ నుంచి కవరు వచ్చింది. దాన్ని సంచీలో పడేసుకుని బస్సెక్కింది.

రికార్డుల గదిలో తెర ముందు కూర్చుని రీలు తిప్పుతుంటే, ఏప్రిల్ 26 పెళ్ళి కనిపించింది. ఫిబ్రవరి బాప్తిస్మం దానికి పైన ఉండాలి. పైన లేదు. మే, జూన్, కోతల నెలలు, డిసెంబరు. డిసెంబరు 1731 కింద జనవరి వచ్చింది. ఆ జనవరి కూడా 1731 అనే ఉంది. గుమాస్తా పొరబడ్డాడేమో అనుకుంది. దాని కింద ఫిబ్రవరి, అదీ 1731. థామస్ మిడ్‌గ్లీ కొడుకు జాన్. మరో అర పేజీ తర్వాత, మార్చి 25 దగ్గర, పెద్ద అక్షరాలతో 1732.

బల్ల దగ్గరున్న హిల్డా అనే పెద్దావిడను పిలిచింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి తెర చూసింది.

"అప్పట్లో కొత్త ఏడాది మార్చి ఇరవై ఐదునమ్మా. జనవరి, ఫిబ్రవరి పాత ఏడాదికి తోకలు. తర్వాతెప్పుడో మార్చారు. ఏం చదివావు నువ్వు?"

"గణితం."

"అయితే లెక్క నువ్వే వెయ్యి."

రూత్ వేసింది. 1731 ఏప్రిల్ 26 నుంచి, ఇప్పటి లెక్కలో 1732 ఫిబ్రవరి 9 దాకా తొమ్మిది నెలల పద్నాలుగు రోజులు. పిల్లవాడు పెళ్ళి తర్వాతే పుట్టాడు. జాబితాలో తేదీలు వరసగా పేర్చినప్పుడు బిడ్డ ముందుకొచ్చాడు, పెళ్ళి వెనక్కి పోయింది.

తిరుగు బస్సులో రూత్‌కు మనసు తేలికైంది. కాలక్షేపానికి కవరు చింపింది. ఆలిస్ వీలునామా, 1768 నాటిది. భర్త పోయాక రాయించింది. సంతకం రాక అడుగున గీసిన గీటు వంకరగా ఉంది. గొలుసుకట్టు రాతను కూడబలుక్కుంటూ చదివింది. కొడుకు జాన్‌కు మగ్గం. కోడలికి ఇత్తడి బాణలి. ఆ తర్వాత నాలుగు వరసలు చదివేసరికి బస్సు ఆమె దిగాల్సిన చోటు దాటిపోయింది. వెనక్కి మైలు దూరం నడిచింది.

విల్ఫ్రెడ్ బల్ల మీద ఇద్దరికీ కంచాలు పెట్టి ఉంచాడు. రూత్ కోటు విప్పకుండానే జరిగిందంతా చెప్పింది. తప్పు తనదేనని, క్షమించమని అడిగింది.

"అంటే ఆవిడ మంచిదే," అన్నాడు విల్ఫ్రెడ్. కాసేపు బఠాణీలు కలిపాడు. "మళ్ళీ మా అమ్మా నేనే మిగిలాం."

"ఇది విను తాతయ్యా." కాగితం దీపం కిందికి జరిపి చదివింది. "'పెళ్ళికాని మేరీ బిన్స్ కన్న బిడ్డ సూసన్‌ను నా ఇంట్లో నా బిడ్డగా పెంచితిని. ఆమెకు నా పడక, నా రాట్నం, నా ఎర్ర అంగీ. ఆమె పుట్టుకను ఎత్తి నా పిల్లలు గాని, వారి పిల్లలు గాని ఆమెను ఒక్క మాట అనరాదని నా కోరిక.'"

విల్ఫ్రెడ్ గరిటె కింద పెట్టాడు.

"వారి పిల్లలు గాని, అని ఉందా?"

"ఉంది."

"మళ్ళీ చదువు."

రూత్ మళ్ళీ చదివింది. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పొయ్యిలో రొట్టె మాడుతున్న వాసన వస్తే రూత్ లేచి తీసింది.

"టైమెంతయింది?" అన్నాడు చివరికి.

"ఆరుకు పది నిమిషాలు."

"షాకిల్టన్‌కు చెయ్యి ఫోను. పదకొండు వారాల మాట తీసేయమను. ఈ నాలుగు వరసలూ వెయ్యమను. అడుగున నా పేరు పెట్టమను. ఉట్టి పేరు కాదు, రిజిస్టరులో రాసినట్టు: నెల్లీ మిడ్‌గ్లీ కొడుకు విల్ఫ్రెడ్."

"క్లిఫ్ చదువుతాడు తాతయ్యా."

"చదవనీ. వాడి కళ్ళజోడు నేనే తెచ్చిస్తా."

ఆదివారం మూడో గంట మోగింది. పుస్తకం పన్నెండో పేజీలో, విల్ఫ్రెడ్ పేరుకు పైన, రూత్ రాసిన చివరి మాటలు ఇవి:

ఆలిస్‌కూ సూసన్‌కూ మన చర్చి ఆవరణలో సమాధి రాయి లేదు. ఎక్కడ పడుకున్నారో ఎవరికీ తెలియదు. ఆదివారం గంటలు వినపడినప్పుడు సూసన్ బిన్స్‌ను ఒకసారి తలుచుకోండి. ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదని ఒకావిడ కోరింది.