మూడో వచనంతో ఆపమన్నారు

దేవుని వాక్యం బజారులో మనిషికీ అర్థం కావాలనీ, ఏ మాటనీ ముందువెనకలు చూడకుండా తెంపుకొచ్చి పట్టుకోకూడదనీ చర్చిని సంస్కరించిన లూథర్ ఎన్నడో మొత్తుకున్నాడు. ఆయన బొమ్మతో నిలువెత్తు బ్యానరు కట్టించి, ఆయన చెప్పిన వాటిలో ఒక్కటీ పాటించని మనిషి మా సంఘపెద్ద యర్రయ్య బాబాయి. భిలాయిలోని మా తెలుగు చర్చిలో లూథర్ పేర జరిపే సంస్కరణ ఆదివారం ఏటా ఆయన చేతుల మీదుగానే జరగాలి. నేను సండే స్కూలు టీచర్ని. నా ప్రాణం తీయడానికి ఆయనొక్కడు చాలు.

ఈసారి వాక్యం చదవడానికి మనవరాలు బిందుప్రియని పెట్టాడు. ఊరికే కాదు. ఆ పిల్లకి రాయపూర్లో వాలీబాల్ క్యాంపుకి పిలుపొచ్చింది. ఇంటి పెద్దెవరైనా ఒప్పుకుని సంతకం పెట్టాలి. సోమవారంతో గడువు అయిపోతుంది. తండ్రి సంజయ్ స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ చేసుకొస్తాడు, వాళ్ల నాన్న ఎదుట మాత్రం నోరు విప్పడు. తాతేమో ఆడపిల్ల నిక్కరేసుకుని గెంతడమేమిటని ఒకటే పట్టు. అందుకే బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక తీయించి, పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలనే వచనాలు మూడూ ఆ పిల్ల నోటితోనే నలుగురిలో చదివించాలని ఆయన ఎత్తు.

"బాబాయ్, నాలుగోది కూడా చదివిద్దాం. మాట అక్కడితో పూర్తవలేదు కదా," అన్నాను.

"మూడు సాలు. నాకు బైబిలు నేర్పకు రజనీ."

బిందు పుట్టింది, పెరిగింది ఇక్కడే, భిలాయి సెక్టర్ 7లో. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరం రాదు. పోనీ హిందీలో చదవనివ్వండంటే ఇంతెత్తున లేచాడు. "తెలుగు సర్చిలో హిందీయా!" చేసేది లేక తెలుగు వచనాల్ని హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. పిల్ల గడగడా అప్పజెప్పి, చివర్లో అడిగింది.

"ఆంటీ, సన్మానించడమంటే ఏటి? ఫంక్షన్లో శాలువా కప్పుతారు, అదేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు. "హిందీ బైబిలు పట్టుకెళ్లు. ఆ మాట అందులో ఎవరికి చెప్పారో, దాని తర్వాత ఏముందో నువ్వే చదువుకో," అని విసురుగా చేతిలో పెట్టి పంపేశాను.

ఆదివారం బిందు మూడు వచనాలూ తప్పు లేకుండా చదివింది. బాబాయి ముఖం వెలిగిపోయింది. పిల్ల మాత్రం కూర్చోలేదు. హిందీ బైబిలు తెరిచి, తాతకేసి చూస్తూ, తనకర్థమైనట్టు చెప్పేసింది. "ఔర్ పితాలోగ్, అప్‌నే బచ్చోంకో గుస్సా మత్ దిలావో."

"ఏయ్! అది నేనిచ్చిన భాగంలో నేదు!" బాబాయి లేచి నిలబడ్డాడు.

"ఉండు," అంది ఆడవాళ్ల వైపు నుంచి గున్నమ్మ పిన్ని, ఆయన భార్య. "ఏటన్నావే బిందూ? తండ్రులు పిల్లలకి కోపం తెప్పించకూడదనా?"

పిన్నికి చదువు రాదు. బైబిలు తెలుగు ఆవిడకి ఎన్నడూ తలకెక్కలేదు. సుపేలా బజారులో కూరలు బేరమాడిన హిందీ మాత్రం సూటిగా దిగింది.

"రజనీ, నిజంగా ఉందా అది?"

"ఉంది పిన్నీ. ఆ మూడింటి తర్వాతే."

"మరి నాకు ఎప్పుడూ మూడే సదివి ఇనిపించినాడు!" పిన్ని లేచి నిలబడింది. "ఆ మూడూ సెప్పే మా సంజయ్ నోరు నొక్కేసినాడు. ఆడు నలుగురిలో నవ్వడం నేను సూసి ఎన్నాళ్లయిందో."

బాబాయి కూర్చున్నాడు. పిన్ని మనవరాలికేసి తిరిగింది.

"బిందూ, ఆ క్యాంపు కాయితం తే. నా ఏలిముద్ర సెల్లుతాదేటి?"

"చెల్లుతుంది పిన్నీ," అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా. నాకు తెలియదు. చెల్లదని ఎవడైనా అంటే రాయపూర్ దాకా వెళ్లి నేనే దెబ్బలాడతాను.